జాతికుక్క, ఊరకుక్క: పేర్ల వెనుక అంతస్తులు

తెలుగు పత్రికల వార్తలను కాస్త శ్రద్ధగా చదివితే ఒక విశేషం కనబడుతుంది. దొంగల జాడ తీయడానికి పోలీసుల వెంట వచ్చేది 'జాగిలం'. బంగళాలో ఉండేది 'పెంపుడు శునకం'. చెత్తకుండీ దగ్గర తిరిగేది 'వీధికుక్క'. జంతువు ఒక్కటే. పేరు మాత్రం దాని గొలుసు ఎవరి చేతిలో ఉందో, అసలు గొలుసు ఉందో లేదో చూసుకొని మారుతుంది. ఈ పేర్లలో దాగిన అంతస్తుల లెక్కను, ముఖేడ్ పరిసరాల విద్యార్థులకు తెలిసిన ఉదాహరణలతో పరిశీలించడం ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

ముందుగా 'జాతి' అన్న మాట చూద్దాం. జాతిరత్నం, జాతిగుర్రం, జాతికుక్క అన్నప్పుడు ఇది మేలిమిని చెబుతుంది. మనుషుల విషయానికి వస్తే ఇదే మాట పుట్టుకను చెబుతుంది. మేలిమి పుట్టుకతోనే వస్తుందన్న నమ్మకం వాదం అక్కరలేకుండా ఆ మాటలోనే ఇమిడి ఉంది. మరాఠీలో 'జాతివంత' అన్న మాటదీ ఇదే దారి. దానికి ఎదురుగా నిలిచేది 'గావ్‌ఠీ'. కుక్కకూ, కోడికీ, చివరికి మనిషి మాటతీరుకూ ఆ ముద్ర వేస్తారు. తెలుగులో ఆ చోటు 'ఊర' అన్న విశేషణానిది. సీమచింత, సీమవంకాయల్లో ఓడ దిగి వచ్చినదని మాత్రమే తెలిపే 'సీమ', కుక్కకు చేరేసరికి హోదాను కూడా మోసుకొచ్చింది. 'గ్రామసింహం' అన్న సంస్కృత సమాసంలో సింహం ఉన్నా గౌరవం లేదు. ఆ మాట వేళాకోళానికే మిగిలింది.

సాహిత్యంలో ఈ భేదం పాతదే. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటకు వెళ్లేటప్పుడు కుక్క రాజసానికి గుర్తు. ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేటలో అది బోయపల్లె బతుకుతెరువు. మనుస్మృతి పదో అధ్యాయం చండాల శ్వపచులకు కుక్కలూ గాడిదలే ధనమని విధించింది. అంటే ఒకే కుక్క రాజు పక్కన నిలిస్తే అలంకారం, ఊరి బయట నిలిస్తే కళంకం. సుమతీ శతకంలో బంగారు గద్దె మీద కూర్చోబెట్టిన శునకం పద్యాన్ని బడిలో నీతిగా కంఠస్థం చేయిస్తారు. ఆ పద్యంలోని కుక్క నిజానికి కుక్క కాదు, పై స్థానానికి వచ్చిన మనిషి. పుట్టుక గుణం పోదన్న తీర్పును పిల్లల నోట పలికించడానికి కుక్కను అడ్డం పెట్టుకున్నారు. దాన్ని ప్రశ్న లేకుండా వల్లె వేయించడం సరికాదని మా అభిప్రాయం.

ఇందుకు భిన్నమైన మాట పదకొండో శతాబ్దంలోనే ఉంది. నన్నయ భారతం ఆదిపర్వంలో, జనమేజయుని తమ్ములు తప్పేమీ లేని సారమేయుణ్ణి కొడితే, తల్లి సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి న్యాయం అడుగుతుంది. బలహీనులకు అకారణంగా హాని చేసేవారికి ఆపద తప్పదని హెచ్చరించి వెళుతుంది. కుక్కకు నోరిచ్చిన ఈ ఘట్టానికి, కుక్కను సామ్యంగా వాడుకున్న శతక పద్యానికి ఉన్న ఎడాన్ని విద్యార్థులు గుర్తించాలి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ముఖేడ్, కంధార్ తాలూకాలు ఎర్ర కంధారీ పశువులకు పేరుపొందినవి. అక్కడ ఎద్దు జాతిని మెచ్చుకుంటే ఆ మెప్పు దుక్కికీ బండికీ చెందుతుంది. కుక్క సంగతి వేరు. పొరుగు జిల్లా లాతూరులో కర్వాన్, పష్మీ వేటకుక్కల పెంపకం ఉంది. సన్నని నడుము, పొడుగు కాళ్లు గల ఈ కుక్కలు కుందేళ్లను తరిమి పట్టేవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ వేట నేరమైంది. పని పోయింది, పరువు మాత్రం మిగిలింది. పనికిరాని ఖర్చే గొప్పతనానికి గుర్తు అవుతుందని, అందుకు కుక్కనే ఒక ఉదాహరణగా చూపుతూ థోర్‌స్టైన్ వెబ్లెన్ 1899లో రాసినది ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.

పేరు కూడా అంతస్తును బట్టే స్థిరపడింది. సంచార బిడారుల వెంట నడిచిన కుక్క కనుక అది కర్వానీ. కర్ణాటకలోని ముధోళ్ సంస్థానాధీశులైన ఘోర్పడేలు ఆదరించాక అదే ముధోళ్ హౌండ్. (ఇది మనకు దగ్గరలో, నిర్మల్ జిల్లాలో ఉన్న ముధోల్ కాదు.) ఇప్పటికీ ఒక కెన్నెల్ సంఘం మొదటి పేరుతోను, మరొకటి రెండో పేరుతోను నమోదు చేస్తాయి. ఒక పేరు బాటసారిది, ఒక పేరు దొరది.

తెలుగువారి ఉదాహరణ తమిళనాడులో ఉంది. తరాల క్రితం వలస వెళ్లిన తెలుగు రాజులు స్థిరపడిన రాజపాళయం పట్టణం పేరే అక్కడి తెల్లని వేటకుక్కకు వచ్చింది. 2005లో తపాలా శాఖ వెలువరించిన నాలుగు స్వదేశీ కుక్కల బిళ్లల్లో ముధోళ్‌తో పాటు ఇదీ ఉంది. మచ్చలేని తెలుపు, గులాబీ ముక్కు దీని ఘనత. ఆ తెలుపు కోసం రంగు పిల్లలను ఏరివేశారు. అచ్చమైన తెలుపుతో పాటు కొన్ని కుక్కలకు చెవుడు కూడా సంక్రమించింది. స్వచ్ఛత కోసం పట్టుబడితే కోల్పోయేది ఏమిటో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ మాకు తెలియదు.

మన జిల్లాలోనే దీనికి మరో సంప్రదాయం ఉంది. మాహూర్ దత్తాత్రేయుని పాదాల చెంత ఉన్న నాలుగు కుక్కలను నాలుగు వేదాలని భక్తులు భావిస్తారు. మాళేగావ్ ఖండోబా జాతరకు వచ్చే వాఘ్యాలు తమను స్వామి కుక్కలమని చెప్పుకొంటారు. రొట్టె ఎత్తుకుపోయిన కుక్క వెంట నేతిగిన్నెతో పరుగెత్తిన నామదేవుని కథ ఇంటింటా తెలిసిందే. ఈ కథల్లో ఎక్కడా కుక్క ఏ జాతిదని ఎవరూ అడగలేదు.

ఈ చర్చ కుక్కలతో ఆగదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉన్న ఈ సరిహద్దు తాలూకాల తెలుగులో మరాఠీ, ఉర్దూ మాటలు సహజంగా కలిశాయి. ఆ తెలుగును 'కల్తీ' అనేవారు, 'గావ్‌ఠీ' అనేవారు వాడుతున్నది కుక్కల ప్రదర్శనలోని కొలబద్దనే. ప్రామాణిక భాష అవసరమే, దాన్ని నేర్చుకోవాలి కూడా. కాని పుట్టుకను చూసి మేలిమిని నిర్ణయించే అలవాటు భాషలోకి రాకూడదు. మన విద్యార్థులు తమ ఊళ్లలో కుక్కలకు ఉన్న పేర్లను, వాటిపై ఉన్న సామెతలను, తిట్లను సేకరించాలని కోరుతున్నాం. ఏ మాటను ఎవరు, ఎవరిని ఉద్దేశించి అంటారో పక్కనే రాసుకుంటే ఆ సేకరణకు నిజమైన విలువ వస్తుంది.