విప్పడం నా పని, అతకడం మేస్త్రి పని

పాత అంబాసిడర్ కొనబోయేవాడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, దానికి చుట్టడానికి చేతిరుమాలు పెట్టుకుని వెళ్లాలి. చక్రాల మీది వంపులు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్, డిక్కీ అడుగు, ఈ మూడు చోట్లా ఆనించి చూడాలి. పట్టుకుంటే రేకు. జారిపోతే పుట్టీ. పైన డ్యూకో రంగు అద్దంలా మెరుస్తున్నా సరే, లోపల తుప్పు తన పని తాను చేసుకుపోతున్నట్టే. 1972 నాటి మార్క్-2 కొన్న రోజున నాకీ సంగతి తెలియదు. రంగు చూసి డబ్బులిచ్చేశాను.

తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాడూ ఒకటే మాట: "మేస్త్రికి ఇచ్చేయరాదూ?" మేస్త్రికి ఇచ్చినవాళ్లను మాత్రం ఇంకోటి అడుగుతారు: "ఎంతైంది?" నన్నడిగితే ఈ రెండూ అసలు ప్రశ్నలు కావు. ఏ పని ఎవరి చేతిలో పెట్టాలన్నదే లెక్క.

విప్పడం మాత్రం సొంతదారే చెయ్యాలి. దీనికి నైపుణ్యం కంటే ఓపిక ముఖ్యం. ఒక్కో భాగం విప్పేముందు ఫోన్‌తో ఫోటో తియ్యాలి. దాని బోల్టులు దాని కవర్లోనే వేసి, పైన పేరు రాయాలి. ఆర్నెల్ల తర్వాత ఏదీ గుర్తుండదు. బిగుసుకుపోయిన నట్టును బలంతో తిప్పితే బోల్టు తెగి లోపలే ఉండిపోతుంది. ముందురోజు నూనె పట్టించి, మర్నాడు కాస్త వేడిచేసి అటూ ఇటూ కదిపితే దారికొస్తుంది. తుప్పు పట్టిన చిన్న ఇనుప సామాన్లకు చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్ మంచి మందు. ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి, అందులో రెండు మూడు వారాలు నానబెడితే తుప్పంతా విడిపోయి ఇనుము బూడిదరంగులో బయటపడుతుంది. కంపు మాత్రం భరించలేం. అల్యూమినియం వస్తువులు అందులో వేశారో, వాటినీ తినేస్తుంది.

కాంటాక్ట్ పాయింట్ల ఎడం అంగుళంలో వెయ్యికి పదిహేను వంతులు ఉండేలా ఫీలర్ గేజ్‌తో సరిచేసుకోవడం, కార్బ్యురేటర్ శుభ్రం చేసుకోవడం, వైర్లు మార్చుకోవడం కూడా ఇంట్లో అయ్యే పనులే. రోడ్డు మీద ఆగిపోతే గేజ్ బదులు విజిటింగ్ కార్డు ముక్క చాలు. అలాగే పెట్రోలు గొట్టాలు కొత్తవి వేసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ కలిసిన పెట్రోలును ఆనాటి రబ్బరు తట్టుకోలేదు.

ఈ ధైర్యంతోనే నేను రేకు మీద చెయ్యేశాను. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో ఉత్తరపారాలో 2014 దాకా తయారైన ఈ బండిలో బరువంతా మోసేది బాడీయే. అందులో సిల్ వెన్నెముకలాంటిది. నేను బండిని జాకీల మీదికెత్తి, కుడివైపు తుప్పు సిల్‌ను గ్రైండరుతో కోసి పారేశాను. మర్నాడు చూస్తే తలుపు పడటం లేదు. బాడీ మధ్యలో కుంగింది.

ఆటోనగర్ నుంచి వచ్చిన టింకరింగ్ మేస్త్రి ఒకటే మాటన్నాడు: "కోసేముందు కట్టు కట్టాలి కద సార్." తలుపు సందులో అడ్డంగా ఇనుప యాంగిల్ వెల్డింగ్ చేసి, బాడీ కదలకుండా పట్టి ఉంచాక కోతకు దిగాలట. కొత్త రేకును ముందు చుక్కలు చుక్కలుగా అతికి, తలుపు బిగించి, సందు సమంగా వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు పూర్తిగా వెల్డింగ్ చెయ్యాలట. నేను పాడుచేసిన కుడివైపును చాలావరకు సరిచేసి, ఎడమవైపు మొత్తం ఆయనే చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను.

ఆ రోజులు మరిచిపోలేను. సొట్టకు లోపలివైపు డోలీ అనే ఇనుప దిమ్మ ఆనించి, పైనుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొడతాడు. దెబ్బ మోతను బట్టి రేకు ఎక్కడ సాగిందో చెబుతాడు. సాగినచోట గ్యాస్‌తో ఎర్రగా కాల్చి తడిగుడ్డ అద్దుతాడు. రేకు ముడుచుకుని మళ్లీ తన వంపులోకి వస్తుంది. ఆపైన అరచేతికీ రేకుకీ మధ్య పల్చటి గుడ్డ పెట్టి నిమురుతాడు. కంటికి ఆనని ఎగుడుదిగుడు అలా చేతికి తెలుస్తుంది. ఇది పుస్తకంతో వచ్చే విద్య కాదు. ఇప్పటి కార్లకు సొట్ట పడితే చాలాసార్లు ఆ భాగమే తీసి కొత్తది బిగిస్తున్నారు. ఇలాంటి పాత బండ్లు లేకపోతే ఈ చేతులకు పని ఎక్కడిది? నేనిచ్చిన కూలి నా బండి ఒక్కదానికే ఇచ్చిందనుకోను.

ఇంజను బోరింగ్ లేత్ షాపుకు పోవలసిందే. సిలిండరు పైఅంచున గోరు పెట్టి చూస్తే మెట్టులా తగులుతోందా లేదా అన్నంతవరకు మనకు తెలుస్తుంది. బోరు ఇరవై థౌ (అంగుళంలో వెయ్యికి ఇరవై వంతులు) పెంచాలా, ముప్పై థౌ పెంచాలా అన్నది కొలిచేవాడే చెప్పాలి. ఇప్పటి టూ-కే రంగులో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఇంటి షెడ్డులో కొట్టే రంగు కాదది. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి.

అలాగని తాళాలు గ్యారేజీ చేతికిచ్చి రెండేళ్ల తర్వాత వెళ్లేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అసలు హెడ్‌లైట్ రిమ్ పోయి ఎక్కడిదో వచ్చినా గుర్తుపట్టలేరు. కొన్ని బండ్లకైతే ఫ్యాక్టరీలో కూడా లేని మెరుపు వచ్చేస్తుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనానికి ఇరవై వేలు కట్టి నంబరులో 'వీఏ' అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కాకపోతే ఇంజను, బాడీ, ఛాసిస్ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఏది అసలుదో తెలియాలంటే ఒకసారైనా విప్పి చూసి ఉండాలి.

నా మార్క్-2 ఇప్పుడు నడుస్తోంది. ఎడమవైపు తలుపు వేలితో తోస్తే టక్కున పడుతుంది. కుడివైపుది కాస్త పైకెత్తి గట్టిగా వేయాలి. మా ఆవిడ ఎప్పుడూ ఎడమవైపే ఎక్కుతుంది.