మూడవ వంతు

4×400 మీటర్ల రిలేలో మూడవ వంతు పరుగెత్తవలసిన క్రీడాకారిణి, తన వైపునకు వచ్చుచున్న సహచరి కాళ్ళలో ఇంకను ఎంత సత్తువ మిగిలియున్నదో చూపుతోనే అంచనా కట్టి, ఎప్పుడు కదలవలెనో నిశ్చయించుకొను ఆ రెండు మూడు క్షణముల విద్య, పిదప ఆమె పరుగెత్తు 400 మీటర్ల వేగము కంటెను దుర్లభమైనదని నా దృఢవిశ్వాసము. 2024 మే నెలలో బహామాస్ రాజధాని నసావులో జరిగిన ప్రపంచ రిలే పోటీలలో, మొదటి రోజున ఒలింపిక్ అర్హత చేజారిపోగా, మరునాడు మిగిలిన ఏకైక అవకాశమునందు, రూపల్ చౌదరి, పూవమ్మల తరువాత బ్యాటన్ అందుకొని శుభా వెంకటేశన్‌కు అందించిన మూడవ మనిషి మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ. జమైకా వెనుక రెండవ స్థానములో, 3 నిమిషముల 29.35 సెకనులలో ఆ పరుగు ముగిసి, భారత జట్టునకు పారిస్ ద్వారము తెరచుకొన్నది. పారిస్‌లో జట్టు హీటు దాటలేదు. అయినను నసావులోని ఆ మూడవ వంతు నా దృష్టిలో చిన్నది కాజాలదు.

నూరేసి మీటర్ల రిలేలో అందుకొనువారు వెనుదిరిగి చూడరు. ముందుగా పెట్టుకొన్న గుర్తును సహచరి దాటినంతనే పరుగు లంకించుకొని, చేయి వెనుకకు చాచుదురు. నాలుగువందల రిలేలో ఆ పద్ధతి చెల్లదు. చివరి నూరు మీటర్లలో తొడలు బిగిసి, ఊపిరి చాలక వచ్చుచున్న మనిషి వేగము ఇంతయని ముందుగా ఎవరు చెప్పగలరు? తొందరపడి కదలినచో అలసిన సహచరికి అందకుండ పోవుదుము. ఆలస్యము చేసినచో ఆమె వచ్చి మీద పడును. ఇదంతయు 20 మీటర్ల హద్దులోపలనే జరిగిపోవలెను. హద్దు విషయములో లెక్కకు వచ్చునది మనిషి కాదు, బ్యాటన్ ఉన్న చోటు. పైగా మూడవ, నాలుగవ వంతుల వారు, తమ జట్టు 200 మీటర్ల వద్ద ఎన్నవ స్థానములో ఉన్నదో ఆ వరుసలోనే లోపలి లేన్ నుండి నిలువవలసి యుండుటచే, చుట్టును భుజములు తగులుచుండగా, ఎడమచేత అందుకొని కుడిచేతికి మార్చుకొనుచు దారి వెదుకుకొనవలెను.

ఇటీవల ఒక సాయంకాలము, మా కంకిపాడులో బందరు రోడ్డు రద్దీకి కొంచెము ఎడముగా నున్న మట్టి మైదానములో, ఆడపిల్లలు సున్నపుగీతల నడుమ కర్రముక్కతో ఈ అభ్యాసమే చేయుచుండగా నిలిచి చూచితిని. అందుకొనవలసిన చిన్నపిల్ల చూపు కర్ర మీదనే నిలిచియుండుట గమనించిన డ్రిల్లు మాష్టారు, "కర్ర కాదమ్మా, అక్క కాళ్ళు చూడు!" అని కేకవేసినారు. ఇంత చక్కని పాఠము నేను ఏ శిక్షణ గ్రంథమునను చదువలేదు. మన పాఠశాలల పోటీలలో నూరు మీటర్ల విజేతకు గల గౌరవము రిలే జట్టునకు లేదు. నలుగురు వేగవంతులను పోటీనాటి ఉదయమే పోగుచేసి పంపుట తప్ప, మార్పిడి కొరకు వారిని కలిపి సాధన చేయించు వారు అరుదు. ఇది నాకు మిక్కిలి బాధ కలిగించు విషయము.

ఏలయన, ఈ విద్యలో మన తెలుగుబిడ్డలకు పరంపర కలదు. వరి పరిశోధనకు పేరుపొందిన మార్టేరు నుండి వచ్చిన సత్తి గీత 2006 దోహా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచిన జట్టులో పరుగెత్తి, 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కును వెళ్ళినది. 2025లో కొరియాలోని గుమిలో ఆసియా స్వర్ణము తెచ్చిన నలుగురిలో కూనవరం మన్యపు బిడ్డ కుంజా రజిత ఒకతె.

2004లో ఏథెన్స్‌లో భారత మహిళలు నెలకొల్పిన 3 నిమిషముల 26.89 సెకనుల జాతీయ రికార్డు ఇరువదేండ్లు దాటినను చెక్కుచెదరలేదు. నసావు పరుగునకును దానికిని నడుమ తేడా 2.46 సెకనులు, నలుగురికి పంచినచో తలకు 0.6 సెకనుకు కొంచెము పైమాట. అదంతయు కాళ్ళ నుండియే రావలసిన పని లేదు. మార్పిడులు మూడు ఉన్నవి, వానిలో తొట్రుపాటు లేకున్నచో కొంత అక్కడనే మిగులును.