బండ కదిలిన చలికాలం

బండా, నీకు దండం.

కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న మా నడిగడ్డలో చలికాలాన్ని క్యాలెండర్ చూసి చెప్పేవాళ్ళు తక్కువ. మార్గశిర పున్నమికి మల్దకల్ తిమ్మప్ప, సంక్రాంతికి సింగోటం నరసింహస్వామి, మాఘంలో గద్వాల జమ్ములమ్మ. జాతర జాతరకూ నడుమ ఏదో ఒక ఊళ్ళో ఎద్దుల జతలతో లాగించే పోటీకి నిన్ను బరిలోకి దించుతారు. ఊరి బయట చేను చదును చేసి, నీళ్ళు చల్లి, సున్నంతో గీత గీసి, మైకు కడతారు. స్వీడన్‌లో వాసాలోపెట్ అనే పోటీ ఉంది. 1922 నుంచి మామూలు జనం కాళ్ళకు పలకలు కట్టుకుని మంచు మీద 90 కిలోమీటర్లు జారుతూ పోతారు. వాళ్ళ చలికాలం కిలోమీటర్లలో తేలుతుంది. మాది అడుగుల్లో, ఒక్కోసారి అంగుళాల్లో.

పై నుంచి చూస్తే నువ్వు ఉత్త రాయివి. ఉలి దెబ్బలు అట్లాగే ఉన్నాయి, మూలలు పెచ్చులూడాయి. కానీ పోటీ అయ్యాక గడ్డపారలేసి నిన్ను ఓ పక్కకు లేపినప్పుడు నీ కడుపు చూశాను. ఎన్ని ఊళ్ళ మట్టి రుద్దిందో, అద్దంలా నున్నగా ఉంది. చెయ్యి పెడితే, ఆ చలిపొద్దున, వెచ్చగా తగిలింది.

బరిలోకి పోకముందే పరీక్ష ఎద్దుల నోట్లో జరుగుతుంది. పెద్దమనిషి ఒకాయన ముకుతాడు పట్టి, కింది పెదవి బొటనవేలితో వంచి చూస్తాడు. పశువుకు పై దవడలో ముందుపళ్ళు ఉండవు, ఉన్నదంతా కిందే. రెండేళ్ళు దాటాక మొదటి జత పాలపళ్ళు ఊడి పెద్దవి వస్తాయి, ఐదేళ్ళ నాటికి ఎనిమిదీ నిండుతాయి. అందుకే పోటీలో పాలపళ్ళ జత, రెండు పళ్ళ జత, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ దిద్దించుకోవచ్చు గానీ ఈ కార్డును దిద్దడం ఎవరి తరమూ కాదు.

మా చిన్నాయన జత ఈ యేడు ఆరు పళ్ళకు వచ్చింది. దాపట రాముడు, వలపట బసవడు. రెండూ ఒంగోలువే. సున్నం కొట్టిన గోడలాంటి ఒళ్ళు, ఓ పక్కకు ఒరిగే మూపురం, నడిస్తే ఊగే గంగడోలు. ఈ జాతే సముద్రం దాటి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో మందలు మందలైంది. 2002లో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగితే వాటి గుర్తు వీర కూడా ఒంగోలు గిత్తే. ఇంత పేరున్న పశువుకు మా ఊళ్ళో ఇప్పుడు పని లేదు. దుక్కి ట్రాక్టరుది, సీడ్ పత్తి మోసేది ఆటోలు. నాగలి అటకెక్కింది, గుంటక చెదలు పట్టింది. కాడి ఇంకా మెడ మీద ఉన్నదంటే, బండా, అది నీ పుణ్యమే. ఉలవలు ఉడికించి పెట్టే చెయ్యి, చెరువులో ఈదించి ఒళ్ళు తోమే చెయ్యి ఇంకా మిగిలున్నాయంటే నీ కోసమే. కూలికి పోని ఎద్దును ఏడాదంతా మేపేవాణ్ణి లెక్క తెలియనివాడంటారు. మా చిన్నాయనకు లెక్క బాగా తెలుసు, వెయ్యడు.

మల్దకల్ దిక్కున మొదటి పోటీ. తెల్లారి ఎద్దుల ముక్కుల్లోంచి పొగలు. మోకు బిగిసింది, గొలుసు కిర్రుమంది, రెండు మెడలూ కిందికి వంగాయి. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ క్షణం కోసమే జనం అంత దూరం నుంచి వస్తారనుకుంటా. తరువాత నేల కిందెక్కడో గరగర, నువ్వు కదిలావు.

అన్ని రోజులూ అట్లా లేవు. వనపర్తి దిక్కున ఒక ఊళ్ళో గీత చివర మళ్ళించే చోట రాముడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. చర్నాకోలలు లేచాయి. "ఇంకా మూడు నిమిషాలుంది, లేపండి!" అని మైకు. చిన్నాయన వచ్చి కాడి కొయ్యలు పీకేశాడు. జనం ఈలలేశారు.

"ఏందన్నా, గట్లనే ఇడిసిపెడ్తివి?" అన్నాడు పక్క జత ఆయన.

"పసరం వద్దన్నదిరా, ఇంకేముంది" అన్నాడు చిన్నాయన.

2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ ఆపింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలు చెల్లుతాయంది. తీర్పులు ఎటు మళ్ళినా, పశువును కొట్టి ఆడించవచ్చా అన్న ప్రశ్న మా బరిలో ఇంకా నిలబడే ఉంది. నీ పాట పాడుతూ ఆ వాతలను దాచలేను. కొట్టి లాగించిన అడుగును అడుగుగా కొలవకూడదు. నన్నడిగితే చర్నాకోలను గీత బయటే పెట్టించాలి.

రాముడికి నెల రోజులు విశ్రాంతి ఇచ్చి సంక్రాంతికి నాగర్‌కర్నూల్ జిల్లా సింగోటం దిక్కుకు పోయాం. చెరువు మీది నుంచి చలిగాలి. చిన్నాయన చేతిలో ఏమీ లేదు, నోట్లో ఒక్క "హయ్" తప్ప. వెనకటి పోటీల కన్నా దూరం లాగాయి. అయినా మా పేరు బహుమతుల్లో రాలేదు. మా పైజతకూ మాకూ తేడా గజం లోపే. తిరిగొచ్చేటప్పుడు ట్రాలీలో ఎద్దుల మధ్య గడ్డి మీద పడుకుని, బసవడి పొట్ట వెచ్చదనంలో ఇల్లు చేరేదాకా నిద్రపోయాను.

ఇప్పుడు ఎండలు ముదిరాయి. మా ఊరి బండ వేపచెట్టు కింద ఉంది, పిల్లలు దాని మీద కూర్చుని పుల్ల ఐసు తింటున్నారు. రాముడికి కడపళ్ళు వస్తున్నాయి, వచ్చే యేడు సీనియర్లలోనే దిగాలి. మార్గశిర పున్నమికి మల్దకల్ రండి. చలి గట్టిగా ఉంటుంది, దుప్పటి మరవకండి.