నీరు చెక్కిన నాపరాయి

బొర్రా గుహలు చూసిన కళ్ళతో బెలుం గుహలకు వెళితే మొదట కాస్త నిరాశే. బొర్రాలో రాయి పెరుగుతుంది. కప్పు నుంచి రాలే చుక్క చుక్కకీ సున్నం పేరుకుని పైనుంచి ఊడలు దిగుతాయి, కిందనుంచి దిమ్మెలు లేస్తాయి. వాటిలో దేవుణ్ణో జంతువునో పోల్చుకోవడమే అక్కడి సంబరం. బెలుంలో ఆ సంబరం తక్కువ. ఇక్కడ అందం రాయి లేనిచోట ఉంది. నీరు తవ్వుకుపోయిన ఖాళీయే శిల్పం.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో, పొలాల మధ్య చదునైన నేల. గుహ అనగానే మనం వెతికే కొండ ఎక్కడా కనబడదు. పాడుబడ్డ బావులనుకునేలా గోతులు, ఒకదాంట్లోకి మెట్లు. ఇంత ఆడంబరం లేని గుమ్మం ఇంత పెద్ద ఇంటికి ఉండడం నాకు భలే నచ్చింది.

సీమ ఇళ్ళలో కాళ్ళకింద చల్లగా తగిలే నాపరాయి సున్నపురాయే. గుహా ఆ రాతిలోనిదే. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతుంది. పగుళ్ళలోకి దిగి, రాతిని తాకినంత మేరా కరిగించి మోసుకుపోతుంది. ఆ పని ఎలా సాగిందో చూడాలంటే గోడకు దగ్గరగా నిలబడాలి. రాయంతా అడ్డంగా పొరలు. వాటి మీదుగా నునుపైన గుంటలు, కుండలోని వెన్నను వేళ్ళతో తోడుకున్నాక మిగిలే గాడుల్లా. ఎక్కడా పదునైన అంచు లేదు. ఉలి పెట్టిన శిల్పికైనా ఎక్కడో ఒకచోట తొందర బయటపడుతుంది. ఈ గోడల్లో అది వెతికినా దొరకదు.

ఈ ఒంపులు కనబడాలంటే పక్కనుంచి పడే ఒక్క తెల్లని దీపం చాలు. గుహలకు రంగు దీపాలు పెట్టేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. ఎర్ర వెలుతురు పడగానే గోడ నాటకం తెర అయిపోతుంది.

1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982–83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ గుహాన్వేషకుల బృందం లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులకు తెరిచింది అందులో సుమారు సగమే. ఒకప్పుడు ఊళ్ళవాళ్ళకు ఇది చెత్త పారబోసే గొయ్యి కూడా; 2002లో పర్యాటక శాఖ తలుపులు తీసింది.

నడక అంతా ఒక తాళంలో సాగదు. విశాలమైన గది వస్తుంది, వెంటనే తల వంచాల్సిన సందు. ఉక్కపోతకు చొక్కా వీపుకి అతుక్కుంటుంది. భయం మొదలయ్యేలోపు కప్పు మళ్ళీ పైకి లేస్తుంది. భయానకం వెనకే అద్భుతం వచ్చే ఈ వరుసను ఏ దర్శకుడు కూర్చినా మెచ్చుకుంటాం. వేయి పడగలు అని పేరుపెట్టిన చోట కప్పంతా పాములు పడగ విప్పినట్టే ఉంటుంది. కానీ పేరు ముందే చెప్పేయడంతో చూపు అక్కడే ఆగిపోతుంది. నా మాట అడిగితే పేరులేని మలుపులే గొప్పవి.

అట్టడుగున పాతాళగంగ, నేలమట్టానికి 46 మీటర్ల దిగువన. సన్నని నీటిపాయ కాసేపు కనబడి రాతి కిందికి జారిపోతుంది. గుహను తొలిచిన చేతిని చూడాలనుకునేవాళ్ళు చూడాల్సింది దాన్నే.

సప్తస్వరాల గుహలో రాతి ఊడలు తడితే లోహంలా మోగుతాయి. మార్గదర్శి ఒకసారి వినిపిస్తే విని తృప్తిపడండి. ప్రతివాడూ ఒక దెబ్బ వేసిపోతే ఆ రాయి ఎన్నాళ్ళో నిలవదు.

బెలుం తాడిపత్రి నుంచి సుమారు ముప్పై కిలోమీటర్లు. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆలోచించుకుని దిగండి. మిగతావాళ్ళు సెలవురోజు గుంపులో కాకుండా వారం మధ్యలో వెళ్ళండి, సెల్ఫోను జేబులో పెట్టి గోడలు చూడండి.