ఆ అంచు ఎవరిది?

ఆత్మకూరులో నా డ్రాయింగు క్లాసంటే సగం బాపు బొమ్మలే. వాలుజడ, సోగకళ్లు, ఒక్క గీతలో జారిపోయే నడుము. మొన్న ఎనిమిదో తరగతి పిల్లాడొకడు అచ్చు దింపినట్టు గీసి, కింద తన పేరు దర్జాగా రాసుకున్నాడు. బొమ్మ బాగుంది. సంతకమే గుచ్చుకుంది.

చూసి గీయొద్దని నేననను. చందమామ మీద వడ్డాది పాపయ్య అట్టబొమ్మలు దింపీ దింపీ నా చెయ్యి తిరిగింది. చట్టమూ అనదు. పాఠంలో భాగంగా టీచరో విద్యార్థో చేసే నకలును 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షను తప్పుగా చూడదు. ఆ బొమ్మనే టీషర్టు మీద అచ్చేసి అమ్మితే వేరే సంగతి. చిత్రకారుడు బతికినన్నాళ్లూ, పోయాక 60 ఏళ్లూ హక్కుంటుంది. బాపు 2014లో పోయారు. అంటే 2074 చివరిదాకా. రవివర్మ 1906లోనే పోయాడు గనక ఆయన లక్ష్మీదేవిని ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఈ లెక్క పిల్లలు ఇట్టే పట్టేశారు. పిల్లాడి చేత పేరు పక్కన "బాపు బొమ్మ చూసి" అని రాయించాను.

అమరచింత నుంచి వచ్చే మగ్గమోళ్ల పిల్ల అప్పుడు లేచింది.

"సార్, మా నాయిన గ్రాఫు మీద కొత్త నెమలి అంచు ఏసిండు. చీర దుకాణంల పెట్టినంక నెలకే వేరేటోళ్లు నేసిండ్రు. మరి దానికింద ఎవరి పేరు రాయాలె?"

వాళ్లు నేసే గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపుంది. అది గద్వాల పేరును కాపాడుతుంది, ఒక నేతగాడు కొత్తగా వేసిన నెమలిని కాదు. ఆ నెమలికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది: నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదు. కానీ చీర బజారుకెక్కకముందే దరఖాస్తు పెట్టాలి. బాకీకి నూలు తెచ్చుకునేవాడు ముందు చీర అమ్ముతాడా, దరఖాస్తు రాస్తాడా? నమోదు లేకుండా 50కి మించి చీరలు దిగాయా, కాపీరైటు చట్టం 15వ సెక్షను కింద ఆ డిజైనుకు కాపీరైటు కూడా పోతుంది. ఫ్రేములో బొమ్మకు మనిషి పోయాక అరవై ఏళ్లు, మగ్గం మీది బొమ్మకు యాభై చీరలు! నాకిది మింగుడుపడదు.

పాతకాలపు కోటకొమ్మ అంచు మొదట ఎవరు నేశారని అడగడంలో అర్థం లేదు, అది అందరిదీ. ఈ నెమలి మాత్రం ఆయనదేనని చెప్పాను. నకలుకు ముందు ఆయన గీసిన కాగితం ఉంటే తెమ్మన్నాను.

మర్నాడు తెచ్చింది. నాలుగు మడతల గ్రాఫు, అంచుల నిండా పోగుల లెక్కలు. పేరు రాయమంటే వాళ్ల నాయిన నవ్విండంట, జాగ యాడుందని.