తమ్మెకు అంటని వాపు

కమ్మలు పెట్టిన పిల్లకు చెవి వాస్తే తల్లి మొదట చూసేది కుట్టిన చోటునే. కోలారు జిల్లాలోనూ అంతే. పసుపు రాస్తారు, తగ్గకపోతే యాంటీబయాటిక్ వేస్తారు. చాలాసార్లు దాంతో సరిపోతుంది కూడా.

ఎప్పుడో ఒక బిడ్డకు సరిపోదు. చెవి పైభాగమంతా ఎర్రగా కందిపోయి, ముట్టుకుంటే ఏడుస్తుంది. కమ్మ ఉన్న తమ్మె మాత్రం మామూలుగానే ఉంటుంది. తమ్మెలో మృదులాస్థి లేదు మరి! ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత మృదులాస్థి మీదే తిరగబడే రిలాప్సింగ్ పాలీకాండ్రైటిస్‌కు ఇదే పెద్ద ఆనవాలు. కుష్టులో ఇందుకు భిన్నంగా తరచూ తమ్మే మందమవుతుంది. విచిత్రమేమంటే, కుష్టుకు వాడే డాప్సోన్‌నే ఈ జబ్బులోనూ కొందరికి ఇస్తారు.

1923లో యాక్ష్-వార్టెన్‌హోర్స్ట్ అనే వైద్యుడు పాలీకాండ్రైటిస్‌ను వర్ణించారు. ఇప్పటి పేరు 1960లో స్థిరపడింది. ఎక్కువగా నడివయసు వాళ్లకు వస్తుంది, పిల్లల్లో మరీ అరుదు. ఇదేనని తేల్చే రక్తపరీక్ష లేదు. వాపు తగ్గి మళ్లీ వచ్చిందా, రెండో చెవికీ పాకిందా, ముక్కు దూలం నొప్పెడుతోందా, కళ్లు ఎర్రబడ్డాయా అని ఓపిగ్గా అడగాలి. రద్దీ ఓపీలో ఈ ఓపికే కరువు.

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఇంకో చిక్కుంది. ఊపిరాడకపోతే అక్కడ ఎవరికైనా తోచేది గని దుమ్మే. తోచడంలో తప్పులేదు: 1940-46 మధ్య 7,653 మంది గని కార్మికులను పరీక్షిస్తే నూటికి 43 మందికి పైగా సిలికోసిస్, అంటే రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, బయటపడింది. 2001లో గనులు మూతపడ్డా సైనైడ్ కలిసిన గని వ్యర్థాల దిబ్బలు అలాగే ఉన్నాయి. దాంతో బిడ్డకు పిల్లికూతలు వినిపిస్తే ఆస్తమా అనేసి ఇన్‌హేలర్ చేతిలో పెట్టడం తేలిక. కానీ పాలీకాండ్రైటిస్ వల్ల శ్వాసనాళపు మృదులాస్థి మెత్తబడి గొట్టం ముడుచుకుపోతుంటే ఇన్‌హేలర్‌తో ఒరిగేది తక్కువ. ప్రాణం మీదికి వచ్చేదీ ఇక్కడే. గొంతు బొంగురుపోయినా, గొంతు ముందు నొక్కితే నొప్పెట్టినా, ఊపిరి వదిలిన స్థితిలోనూ సీటీ స్కాన్ తీయించాలి. కొందరికి ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతు దగ్గర రంధ్రం చేయడం) తప్పదు.

స్టెరాయిడ్లు వాపును చప్పున దించుతాయి. ఎక్కువకాలం వాడితే ఎదుగుదలనూ కుంటుపరుస్తాయి. అందుకే మెథోట్రెక్సేట్ తోడుగా ఇస్తారు, అదీ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు కనుక వారంలో ఏ రోజు వేయాలో చీటీ మీద రాసివ్వాలి. దానికీ లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి సూదిమందులు ఇస్తారు. వాటితో ఒంట్లో అణగి ఉన్న క్షయ తిరగబెట్టవచ్చు గనుక ముందే పరీక్ష చేయాలి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ ముప్పు ఎక్కువ. అందుకని కేజీఎఫ్ కుటుంబాన్ని మరో మాట అడగాలి: తాత గనిలో పనిచేశారా, ఇప్పుడు దగ్గుతున్నారా? అవునంటే, బిడ్డకు సూది వేయకముందే ఆయన కఫం పరీక్షకు వెళ్లాలి.