దసలి వంశస్తుతి

కొమ్మకు వేలాడే దసలి పట్టుపురుగా, నీకు జేజేలు! పట్టుపోగుతో కొమ్మ చుట్టూ ఉంగరం బిగించి, అందులోంచి గట్టి తొడిమ దించి, ఆ తొడిమకు కోడిగుడ్డంత గూడు కట్టుకున్నావు. గాలివానకు కొమ్మ ఊగినా నీ ఉంగరం జారదు. వేళ వచ్చినప్పుడు నోటి ద్రవంతో గూటి కొనను మెత్తబరచి, పోగులను పక్కకు తోసి బయటికి వస్తావు. నాలుగు రెక్కలు, రెక్కకో కన్ను, కంటి నడుమ పొలుసులు లేని పలుచని అద్దం! తిండి తినే నోరే లేదు నీకు. రెక్కలొచ్చిన ఆ కొద్దిరోజుల బతుకంతా జంట కోసం, గుడ్ల కోసం.

నీ ఇంటిపేరు ఆంథేరియా. సాటర్నిడే కుటుంబంలో ఆ పేరు నిలిపినవాడు హ్యూబ్నర్, 1819లో. ఎంత దూరం పాకింది నీ వంశం! మన మద్ది, సాల అడవుల్లో నువ్వు మైలిట్టావి. బ్రహ్మపుత్ర లోయలో బంగారు దారం వడికే మూగావి. చైనా ఓక్ వనాల్లో పెర్నీవి, జపాన్‌లో యమమాయివి. మహాసముద్రానికి అవతల, ఉత్తర అమెరికాలో, గ్రీకు పురాణపు ఒంటికన్ను రాక్షసుడి పేరు మోసే పాలిఫెమస్‌వి. పట్టు కోసం పంతొమ్మిదో శతాబ్దంలో యమమాయిగా నిన్ను యూరప్‌కు తీసుకెళ్తే, తప్పించుకుని అక్కడి అడవుల్లోనూ కాపురం పెట్టావు.

నిన్ను గీతల మధ్య ఇమడ్చడం తేలికా? ఒకే జాతిలో ఇటుకరంగు మగది, పసుపుపచ్చని ఆడది. రెక్కల వన్నె చాలక శాస్త్రం కణంలోకి తొంగిచూసింది. మూగాలో 15 జతల క్రోమోజోములు, దసలిలో 31, పెర్నీలో 49! పాలిఫెమస్‌ను టీలియా అని వేరుచేసినవారున్నారు, మళ్లీ నీ ఇంట్లోకే చేర్చారు. ఆస్ట్రేలియా యూకలిప్టస్ చెట్లమీది చుట్టానికి నీ ఇంటిపేరు తీసేసి ఒపోడిఫ్థెరా అన్నారు. హిమాలయాల రాయ్లీకీ పెర్నీకీ క్రోమోజోముల లెక్క కలవకపోయినా, ఆ రెంటినీ జతకలిపితే ప్రొయిలీ పుట్టింది, మణిపూర్ ఓక్ చెట్లపై సంతానంతో వర్ధిల్లింది.

గోదావరి తీరాన మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో నీ రకానికి శాస్త్రం పెట్టిన పేరు ‘ఆంధ్రా లోకల్’. అక్కడ దసలి రైతు పక్షుల్ని అదిలిస్తూ, చీమలు పట్టకుండా కాస్తూ పగలంతా చెట్లకిందే ఉంటాడు. మల్బరీ పురుగులా నువ్వు తట్టల్లో ఒదగవు, నీకు పచ్చటి చెట్టే కావాలి.

అందుకే చదివేవారికి నా మనవి ఒక్కటే. దసలి చీర కొన్న ప్రతి ఇల్లూ మద్ది అడవికి బాకీ పడింది. ఆ అడవిని నరకనివ్వకండి. చోటున్నచోట నాలుగు మద్దిమొక్కలు నాటండి.